గుడ్డపై గీత, గుడ్డపై రంగు

మన సంఘముల వార్షికోత్సవములందు చేతిపనుల ప్రదర్శనము పరిపాటి. రంగులతో వ్రాసిన చీరలు, దిండుగలీబులు, బల్లగుడ్డలు అందు ఏటేట అధికమగుచున్నవి. ఇది సంతోషింపదగిన విషయమే. అయితే వానికి తగిలించిన చీట్లపై ‘కలంకారీ’ యను మాటయు ఏటేట అధికమగుచున్నది. దానిని గూర్చియే మేమిచ్చట కొంత విమర్శింపదలచితిమి.

శ్రీకాళహస్తి పనిలో కలమనగా వెదురుపుల్ల. మొనకు కొంచెము పైగా ఉన్నిగాని గుడ్డగాని చుట్టి దారముతో బిగింతురు. వ్రేళ్ళతో నొక్కినకొలది రంగు మొనకు దిగును. నూలుగుడ్డను కరక్కాయపొడి కలిపిన గేదెపాలలో ముంచి ఆరవేసిన పిమ్మటగాని దానిపై కలము పెట్టరు. పాలలోని క్రొవ్వు రంగును ప్రక్కలకు ప్రాకనీయదు. కరక్కాయలోని వగరు ఇనుముతో కలిసి నల్లనగును. త్రుప్పుపట్టిన ఇనుపముక్కలను బెల్లపునీటిలో రెండుమూడు వారములు ఊరనిచ్చి తీసిన ద్రవమునకు కసిమియని పేరు. దానితో గీచిన గీత గుడ్డలోనే నలుపెక్కును. ఎఱుపు రావలసిన తావులందు మొదట పటికనీరు మాత్రమే పూయుదురు. ఆపై పారుడునీట జాడించి, మంజిష్ఠవంటి వేళ్ళతో ఉడికింతురు. పటిక తగిలినచోట ఎఱుపు నిలుచును. పసుపు, నీలి ఆ తరువాత వచ్చును. పసుపుపై నీలి వేయగా ఆకుపచ్చ పుట్టును. గీత ముందు, రంగు వెనుక. రెండును నూలులో కలిసిపోవును.

బజారులో సీసాలలో దొరకు గుడ్డరంగు వేరొక జాతిది. మెత్తగా నూరిన వర్ణద్రవ్యమును అక్రిలిక్ జిగురులో కలిపి దానిని చేయుదురు; అది పోగులను పైనుండి పట్టుకొని యుండును. దానివలన దోషమేమియు లేదు. గంజి పోవునట్లు గుడ్డను ముందుగా ఉతుకుట, క్రింద అట్ట పరచుట, చిక్కనైన రంగును నీటితోగాక దానికై అమ్ము మీడియముతో పలుచన చేయుట, బాగుగా ఆరిన పిదప వెనుకవైపున ఇస్త్రీ పెట్టుట, ఇవి అభ్యాసకులందఱు ఎఱిగినవే. తీరికవేళ వ్రాసికొనువారికి గేదెపాలు, ఏటినీరు ఎక్కడివని యడుగవచ్చును. న్యాయమే. ఎవరును ఆ శ్రమ పడవలెనని మేము కోరుట లేదు.

మా యభ్యంతరము సాధనమును గూర్చి కాదు, పేరును గూర్చి, చూపును గూర్చి. మేము చూచిన చీరలలో పెక్కింటిపై నెమలియు, దేవతామూర్తియు కార్బను కాగితముతో దించినవే. రంగులన్నియు నింపిన తరువాత కడపట నల్లని గీతను గొట్టముమొనతో త్రాడువలె ఉబ్బెత్తుగా పోసినారు. కాళహస్తిలో బొమ్మకు ప్రాణము పోయునది గీత. ఇచ్చట అది రంగునకు కట్టిన ప్రహరీగోడ! నాలుగు ఉతుకులకే ఆ గోడ బీటలువారును. గీత తన చేతిదైననే గదా, దాని సన్నదనము, లావు మనసులోని నిశ్చయమును తెలుపుట.

అంతకంటె సూక్ష్మమైన దోషము మరొకటి కలదు. ప్రతి పూరేకును ఒకవైపు ముదురుగా, మరొకవైపు లేతగా ఛాయలు దిద్దుచున్నారు. రవివర్మ తైలచిత్రములను చూచి పెరిగిన కన్నులకు అది సహజముగనే తోచును. కాని గోడపై బిగించిన పటము వేరు, కుచ్చిళ్ళు పోసి కట్టుకొను చీర వేరు. చీర మడతలలో వెలుగునీడలు వానంతట అవియే పడును. చిత్రకారుడు పెట్టిన నీడయు, మడత పెట్టిన నీడయు ఒకదానితో నొకటి కలహించును. కలంకారీవారు సమముగా రంగు పరచి ఊరకుండుట చేతగానితనము కాదు, గుడ్డ నడకను ఎఱిగిన తెలివి. ఇక పమిటపై నిలువెత్తు దేవతను వ్రాసి, ఆ ముఖము మడతలో విఱుగునట్లు చేయుట విషయమై ఏమి చెప్పుదుము?

తమిళనాట కుంభకోణము చేరువ సిక్కిల్‌నాయకన్‌పేట, కరుప్పూరు పనిని మన పాఠకులు ఒకమారు చూడవలెను. నాయకరాజుల కాలమున వెళ్ళినవారుగా చెప్పుకొను తెలుగు కుటుంబములు అచ్చట దేవాలయములకు వితానములు, తోరణములు, రథములకు వ్రేలాడదీయు గొట్టములవంటి ‘తొంబై’లు కలముతో వ్రాయుచు వచ్చినవి. ఊరు మాఱినది, దేవాలయమునకు కావలసిన వస్తువు మాఱినది. దానికి తగినట్లు అమరికయు మాఱినది. వారు కాళహస్తి బొమ్మను నకలు దించలేదు. చేతిలోని విద్యను మాత్రము వెంట తెచ్చుకొనిరి. స్థిరపడిన మనబోటి కుటుంబములకు ఇంతకంటె దగ్గరి ఉదాహరణము దొరకదు. మనము పేరును వెంట తెచ్చుకొని విద్యను విడిచితిమేమో యని అనుమానము కలుగుచున్నది. కాళహస్తిలో సైతము ఈ విద్య అడుగంటిన దశలో, 1952లో ఏర్పడిన అఖిలభారత హస్తకళామండలి ద్వారా కమలాదేవి చట్టోపాధ్యాయ పూనుకొనగా శిక్షణ నడచి మరల నిలిచినది. ఆ పనివారిలో జొన్నలగడ్డ గురప్పశెట్టిగారికి 2008లో పద్మశ్రీ లభించినది. విద్య చేతినుండి చేతికి పోవలసినదే గాని కార్బను కాగితముద్వారా పోదు.

ఇటీవల ఒక ప్రదర్శనమున తెల్లని దిండుగలీబొకటి చూచితిమి. సామాన్యమైన గుడ్డరంగే. ఒక మూల గోరింటకొమ్మ, ఆఱేడు ఆకులు, రెండు రంగులు. ముప్పాతిక భాగము తెల్లగానే విడిచినారు. ఆకు ఈనె ఒక్క విసురులో గీచినది, ఎక్కడను దిద్దుబాటు లేదు. చీటిపై ‘కలంకారీ’ యని లేదు, ‘గుడ్డపై రంగుపని’ యని మాత్రమే యున్నది. బహుమతి దానికి రాలేదు. ఉబ్బెత్తు గీతల నెమలికి వచ్చినది. నిర్ణేతలు ఇకమీదట గుడ్డను చేతబట్టి ముడిచి చూచి, వెనుకవైపు త్రిప్పి చూచి మార్కులు వేయుట మేలు.

కలంకారీ పేరుపై నిజముగా మక్కువ గలవారు ఒక చిన్న ప్రయోగము చేయవచ్చును. కరక్కాయ ఏ పచారుదుకాణముననైనను దొరకును. తమిళమున కడుక్కాయ్, కన్నడమున అళలెకాయి, మరాఠీలో హిరడా, ఒడియాలో హరిడా యని యడిగిన చాలును. జానెడు నూలుగుడ్డ, గ్రుక్కెడు పాలు, త్రుప్పుమేకులు ఊరిన బెల్లపునీరు, చెక్కిన వెదురుపుల్ల సిద్ధము చేసికొని, పిల్లలను ప్రక్కన కూర్చుండబెట్టుకొని ఒక్క గీత గీయవలెను. కలము వెంట వెలవెలబోయినట్లున్న ఆ తడిగీత, వారు చూచుచుండగనే నల్లబడును.