మహత్తు, అమహత్తు, ఆకాశం: తెలుగు ఖగోళ పదజాలంపై గోదావరి సీమ నుంచి ఒక పరిశీలన

ప్రవేశిక

తెలుగులో ఖగోళశాస్త్ర పరిభాష గురించిన చర్చ సాధారణంగా 'మాటలు చాలవు' అనే ఫిర్యాదుతో మొదలవుతుంది. ఈ వ్యాసం ఆ ఫిర్యాదును అంగీకరించడం లేదు. ఒకే మాట చేత రెండు మూడు పనులు చేయించడమే అసలు చిక్కు. ఆ పనులను వేరుచేసే సాధనం తెలుగు వ్యాకరణంలోనూ దేశ్యపదాలలోనూ సిద్ధంగా ఉంది. పాఠ్యపుస్తకాల పరిభాష దాన్ని వినియోగించుకోలేదు. ఇందుకు గోదావరి డెల్టా వాడుకను ఆధారంగా తీసుకుంటున్నాను. నది పండుగ, సాగు, సముద్రపు పోటు మూడూ ఆకాశపు లెక్కతో నడిచే ప్రాంతమిది. అందువల్ల ఈ మాటలు ఇక్కడ నిఘంటువులలో కన్నా నోళ్ళలో ఎక్కువగా దొరుకుతాయి.

రాజమహేంద్రవరం కేంద్రంగా కృషి చేసిన కందుకూరి వీరేశలింగం (1848–1919) శాస్త్రగ్రంథాలలో 'జ్యోతిశ్శాస్త్ర సంగ్రహము' ఒకటి. ఈ పేరు చూసిన నేటి విద్యార్థి దాన్ని జాతకాల పుస్తకమనుకుంటాడు. మూఢవిశ్వాసాలతో జీవితమంతా పోరాడిన రచయిత ఆ పేరు పెట్టడంలో వైరుధ్యమేమీ లేదు. గణితం, సంహిత, హోర అనే మూడు స్కంధాలకూ కలిపి జ్యోతిషమనే పేరుండేది. కాలక్రమంలో ఆ మాట ఫలభాగానికే కుదించుకుపోయింది. గణితభాగానికి 'ఖగోళశాస్త్రం' అనే పేరు స్థిరపడింది. శాస్త్రం పేరును ఇలా వేరుచేసుకున్నాం కానీ, దాని లోపలి పదాలను వేరుచేసుకోలేదు.

గురుడు, రోహిణి

గోదావరి పుష్కరాలు 2003లోను, 2015లోను జరిగాయి. మళ్ళీ 2027లో రానున్నాయి. గురుడు సింహరాశిలో ప్రవేశించినప్పుడు పుష్కరం వస్తుందని స్నానఘట్టాల వద్ద ఎవరిని అడిగినా చెబుతారు. ఆ వాక్యంలో స్వచ్ఛమైన ఖగోళ పరిశీలన ఉంది. బృహస్పతి సూర్యుని చుట్టూ ఒకసారి తిరగడానికి సుమారు 11.86 ఏళ్ళు పడుతుంది. ఇది 12 ఏళ్ళకు దాదాపు 50 రోజులు తక్కువ. పుష్కరాలు 2003లో జూలై 30న మొదలై, 2015లో జూలై 14కే రావడం వెనుక ఈ తేడా కూడా ఉంది. అయినా తరగతి గదిలో చదివే బృహస్పతి, అంటే ఎర్రమచ్చ ఉన్న ఆ మహా వాయుగోళం, పుష్కరాన్ని తెచ్చే గురుడూ ఒకటేనని విద్యార్థికి సాధారణంగా తోచదు. పుస్తకంలోని పేరుకూ రేవులోని పేరుకూ మధ్య వంతెన కట్టే వాక్యం ఒక్కటైనా పాఠంలో ఉండదు.

రోహిణి పరిస్థితి ఇంకా విచిత్రం. రోహిణి కార్తెలో రోళ్ళు పగులుతాయని రైతు అంటాడు. సూర్యుడు ఆ నక్షత్రంతో కలిసి ఉండే రెండు వారాలే రోహిణి కార్తె. కాబట్టి ఆ రోజుల్లో ఆ నక్షత్రం రాత్రి ఆకాశంలో కనిపించే అవకాశమే లేదు. ఎండగా అనుభవమైన రోహిణి చుక్కగా పరిచయం కాదు. 1980 జూలైలో శ్రీహరికోట నుంచి కక్ష్యలోకి చేరిన ఉపగ్రహం పేరు కూడా రోహిణే. చుక్క, కార్తె, యంత్రం మూడింటికీ ఒకటే పేరు.

మహత్తు, అమహత్తు

నా దృష్టిలో ఈ పదజాలపు అసలు చిక్కు అర్థంలో కన్నా క్రియలో ఎక్కువగా ఉంది. సూర్యుడు, చంద్రుడు, బుధుడు, శుక్రుడు, శని మహద్వాచకాలు. అందువల్ల వ్యాకరణరీత్యా వాక్యం 'శుక్రుడు మేఘాలతో కప్పబడి ఉన్నాడు' అని ముగియాలి. ఇది వాతావరణ వర్ణనగా కాక పురాణ వచనంగా ధ్వనిస్తుంది. పాఠ్యరచయిత దీన్ని గుర్తించి 'గ్రహం' అనే మాట చేరుస్తాడు. 'శుక్రగ్రహం' అనగానే క్రియ 'ఉంది' అవుతుంది, దేవుడు గోళంగా మారతాడు. అయితే ఈ జాగ్రత్త నిలకడగా ఉండదు. 'అంగారకుడు ఎర్రగా కనిపిస్తాడు', 'అంగారక గ్రహం ఎర్రగా కనిపిస్తుంది' అనే రెండు తీరులూ ఒకే పాఠంలో ఇరుగుపొరుగున ఉండగలవు. గ్రహాలన్నిటిలో భూమికి మాత్రమే ఈ బాధ లేదు. భూమి ముందునుంచీ 'ఉంది', 'తిరుగుతుంది'.

'గ్రహం' చేర్చడం కూడా పూర్తి పరిష్కారం కాదు. నవగ్రహాలలో సూర్యచంద్రులున్నారు, ఛాయాగ్రహాలైన రాహుకేతువులున్నారు. కోనసీమలోని మందపల్లి ఆలయానికి శని త్రయోదశి నాడు వెళ్ళే విద్యార్థికి గ్రహమంటే పూజలందుకునే శక్తి. మరునాడు పుస్తకంలో గ్రహమంటే నక్షత్రం చుట్టూ తిరిగే గోళం. ఐరోపా భాషల్లోనూ ఒకప్పుడు గ్రహాల జాబితాలో సూర్యచంద్రులుండేవారు. కోపర్నికస్ తర్వాత ఆ మాట అర్థం మారింది. అర్థం మారడం దోషం కాదు. మారిన సంగతి విద్యార్థికి చెప్పకపోవడమే దోషం.

జనవ్యవహారం ఈ భేదాన్ని ఎంత సులభంగా సాధించిందో చూడాలి. శుక్రుణ్ణే తెల్లవారుజామున 'వేగుచుక్క' అంటారు. వేగుచుక్క పొడిచింది, వేగుచుక్క కనబడటం లేదు: ఇవన్నీ అమహత్తులే. శుక్రమూఢంలో పెళ్ళిళ్ళు ఆగడానికి లెక్క కూడా ఇదే. సూర్యునికి మరీ దగ్గరై శుక్రుడు చూపుకు అందకుండా పోయిన రోజులే మూఢం. కృత్తికల గుంపును పిల్లలకోడి అన్నా, వరుసగా నిలిచిన మూడు చుక్కలను గొల్లకావడి అన్నా అక్కడ దేవతాప్రసక్తి లేదు. చివరికి శని కూడా జాతీయంలోకి దిగేసరికి 'శని పట్టింది', 'శని వదిలింది' అని అమహత్తుగా మారిపోతాడు. భయపెట్టే దేవుణ్ణి క్రియతో లొంగదీసుకున్న ఈ చమత్కారం పరిభాషా నిర్మాతలకు పాఠంగా ఉపయోగపడేది.

వరుణుడు, ఇంద్రుడు అనే పేర్ల విషయంలో నా అభిప్రాయం ఖండితం. 1781లో, 1846లో దూరదర్శినుల కాలంలో గుర్తించిన గ్రహాలకు వైదిక దేవతల పేర్లు పెట్టడం వల్ల, అవి ప్రాచీనులకు తెలిసినవేననే భ్రమ కలుగుతుంది. పైగా తెలుగులో యురేనస్‌కు పెట్టిన వరుణ నామం హిందీలో నెప్ట్యూన్‌కు చెల్లుతుంది. యురేనస్, నెప్ట్యూన్ అని రాయడమే మేలు. అవి అమహత్తులు కావడం అదనపు లాభం.

ఉపగ్రహం

జ్యోతిషంలో ధూమం, వ్యతీపాతం, పరివేషం వంటివి ఉపగ్రహాలు. అవి లెక్కలో తప్ప కంటికి కనిపించని బిందువులు. అదే పేరు తర్వాత బృహస్పతి చుట్టూ తిరిగే గోళాలకు, 1957లో స్పుత్నిక్ వెళ్ళాక యంత్రాలకు కూడా వచ్చింది. శ్రీహరికోట పుణ్యమా అని నేటి పత్రికాపాఠకుడికి ఉపగ్రహమంటే మొదట స్ఫురించేది యంత్రమే. 2025 మార్చిలో శని ఉపగ్రహాల సంఖ్య 274కు చేరిందని రాస్తే, వాటిని ఎవరు ప్రయోగించారని అడిగే పాఠకుణ్ణి తప్పుపట్టలేం. పోనీ 'చంద్రులు' అందామా అంటే మళ్ళీ మహత్తు అడ్డువస్తుంది: 274 మంది చంద్రులా, 274 చంద్రులా? ఇక్కడ 'జాబిల్లి' అక్కరకు వస్తుంది. అది ఎక్కువగా అమహత్తుగానే వాడుకలో ఉంది. 2023 ఆగస్టులో చంద్రయాన్-3 దిగినప్పుడు పత్రికలు దాన్ని శీర్షికలకెక్కించాయి కూడా. 'శనికి 274 జాబిల్లులు' అన్న వాక్యంలో గందరగోళానికి తావు లేదు. చెవికి కొత్తగా ఉండవచ్చు, అంతే. ఆటుపోట్లు ఉండగా వేలాతరంగాలను తెచ్చిన పరిభాషకు చెవి అలవాటు పడలేదా?

పాలపుంత

ఈ మార్గంలో విజయం సాధించిన పదం ఒకటుంది. డెల్టాలో పొలాల నడుమ బండ్లు నడిచే దారి పుంత. పుంతలో ముసలమ్మ ఇక్కడి గ్రామదేవతలలో ఒకరు. 'కొత్త పుంతలు తొక్కడం' అనే జాతీయంలోనూ ఉన్నది ఆ దారే. ఆకాశంలో తెల్లగా పరచుకున్న ఆ చారకు క్షీరపథం, ఆకాశగంగ అనే సంస్కృత నామాలున్నా పాలపుంతే నిలిచింది. దానికి తోడు పాలవెల్లి కూడా ఉంది. అయితే వినాయకచవితికి పండ్లు, మామిడాకులు కట్టి విగ్రహం పైన వేలాడదీసే చట్రానికి ఆ పేరు స్థిరపడి, చారకు పుంతను మిగిల్చింది.

మన నక్షత్రవ్యవస్థకు చెందిన సంజ్ఞానామాన్ని 'పాలపుంతలు' అని బహువచనంలో వాడటం తప్పనే ఆక్షేపణ ఒకటి వినిపిస్తుంటుంది. నేను దానితో ఏకీభవించను. గెలాక్సీ అనే మాటకు మూలమైన గ్రీకు పదానికి అర్థం పాలే. వారు తమ పాలచార పేరును లోకంలోని నక్షత్రవ్యవస్థలన్నిటికీ విస్తరించారు. సుమారు 25 లక్షల కాంతిసంవత్సరాల దూరంలోని ఆండ్రోమెడాను మనం పొరుగు పాలపుంత అనడం అదే పద్ధతి. ఇప్పుడు చేయవలసిన పని మరొకటి ఉంది. డెల్టాలో పుంతలు సిమెంటు రోడ్లవుతున్నాయి. పుంత, పోటు, పిల్లలకోడి, గొల్లకావడి వంటి మాటలను ఏ ఊళ్ళో, ఏ వృత్తివారు, ఏ అర్థంలో వాడుతున్నారో మండలాలవారీగా నమోదు చేసే క్షేత్రపరిశోధనను రెండు గోదావరి జిల్లాలలోని తెలుగు శాఖలు చేపట్టాలి. తర్వాతి పరిభాషా నిఘంటువు ఆ పట్టికను ముందుపెట్టుకొని తయారు కావాలి.