నూటికెంత?

కృష్ణా డెల్టాలో వడ్డీని సంవత్సరమునకు ఇంత శాతమని చెప్పువారు బ్యాంకు ఉద్యోగులు మాత్రమే; తక్కిన మనమందరము నెలకు నూటికింత యనియే లెక్కింతుము. రూపాయి వడ్డీ, రూపాయిన్నర, రెండు రూపాయలు: ప్రామిసరీ నోటు మొగమెరుగని పసివానికిని తెలిసిన కొలత యిది. ఇట్లు వడ్డీలెక్క పుట్టుకతోనే అబ్బిన మనము, అద్దెకిచ్చుటకై ఇల్లు కొనునపుడు మాత్రము ఆ కొలతను గుమ్మము వెలుపలనే విడిచిపోవుట నాకు చిరకాలముగా ఆవేదన కలిగించుచున్న విషయము.

2023లో బెజవాడ చెంత పోరంకిలో ఒక ఫ్లాటు కొనదలచి, కాగితములు తీసికొని మొవ్వ దగ్గరి మా యూరికి పోయి, అరుగుమీద కూర్చున్న మా నాన్నగారి ముందుంచితిని. వెల 60 లక్షలు. అందు నూటికి 80 వంతులు, అనగా 48 లక్షలు, ఎనిమిదిన్నర శాతమునకు 20 ఏండ్ల గడువుతో బ్యాంకు ఇచ్చును. రాగల అద్దె నెలకు 15,000. ఆయన ఆ రంగుల కాగితమును వెనుకకు త్రిప్పి, పెన్సిలుతో రెండంకెలు వేసి, కండ్లజోడు తీసి, "పావలా పడుతోందిరా. బ్యాంకు నీ దగ్గరెంత తీసుకుంటుంది?" అని యడిగిరి.

"డెబ్భై పైసలండీ."

"మరి ఆ నలభై అయిదు పైసలూ ఎవరిస్తారు?"

ఇచ్చునది నా జీతమే. కిస్తు నెలకు 41,000 పైచిలుకు. అద్దె పోను 26,000 నేను చేతినుండి వేయవలెను. పోనీ, ఆ పావలాయైనను నిండుగా వచ్చునా? ఇంటిపన్ను, సున్నములు, కారు పైపులు, టులెట్ బోర్డు వ్రేలాడు నెలలు దానిని కొరుకుచునే యుండును. ఇంటిపన్ను పోగా మిగిలిన అద్దెలో నూటికి 30 వంతులను ఆదాయపు పన్ను చట్టమే ఖర్చుల క్రింద మినహాయించుచుండగా, కొనువాడు ఆపాటి విడుపైనను తన లెక్కలో వేసికొనకుండుట తగదు. పావలా వడ్డీ యనునది డ్వాక్రా మహిళలకై ప్రభుత్వము తాను కొంత భరించి కల్పించిన రేటు. అప్పుచేసి పెట్టుబడి పెట్టువానికి అది గిట్టుబాటు కాదు.

ధర పెరుగును గదా యందురు. పెరుగును. 2015 అక్టోబరు 22న ఉద్దండరాయునిపాలెమున రాజధానికి శంకుస్థాపన జరిగినపుడు, హైదరాబాదునుండి కార్యాలయములు తరలివచ్చుచుండగా, బెజవాడలో అద్దెలకు పట్టపగ్గములు లేకపోయెను. 2019 డిసెంబరులో మూడు రాజధానుల మాట శాసనసభలో వినబడినంతనే అవే వీధులలో టులెట్ బోర్డులు వెలసినవి; ధరలు దిగినవి, అద్దెలు దిగినవి, కిస్తులు మాత్రము దిగలేదు. ధర పెరుగుదలను నమ్మి కొన్నవాడు తన కాపురమును ప్రభుత్వోత్తరువునకు తాకట్టు పెట్టినట్లే యని నా నిశ్చితాభిప్రాయము.

ఆ ఫ్లాటు మానితిని. 1855లో బెజవాడ ఆనకట్ట పూర్తియైనది మొదలు వరిచేలు కూడబెట్టిన ధనమే నేడు పట్టణములో గదులై, మెట్లై లేచుచున్నది. మా యరయెకరమును ఆ దారినే పోయినది. ఆ సొమ్ము సగము, అప్పు సగము చేసి, అజిత్‌సింగ్‌నగరులో రెండు వాటాల పాత యిల్లు 50 లక్షలకు కొంటిని. రెండు వాటాలకు కలిపి అద్దె 20,000, అనగా నూటికి నలువది పైసలు, కిస్తు 21,700.

2024 సెప్టెంబరు 1న బుడమేటి గండ్లనుండి వచ్చిన నీరు దిగువ వాటాలో కిటికీ చువ్వలవరకు నిలిచినది. నీరు తీసిన పిదప పోయి చూడగా, బియ్యపుడబ్బా మంచము క్రింద బోర్లపడియున్నది. దేవుని పటముల మీదుగా గోడ పొడవున బురదగీత యొకటి, నూలుదారము పట్టి గీచినట్లుండెను. అందు కాపురమున్న ఆటో డ్రైవరు భార్య, "ఈ నెల అద్దె కొంచెం ఆగండి బాబాయిగారూ" అన్నది. రెండు నెలలు అడుగలేదు. అప్పు చిన్నదగుటచేతనే అడుగకుండ నుండగలిగితిని. ఆ ఫ్లాటు కిస్తు మెడమీద నున్నచో అట్లుండగలిగెడివాడనో లేదో చెప్పజాలను.

కొనదలచినవారలారా, బయానా యిచ్చుటకు ముందొక సాయంకాలము ఆ వీధికి పోయి, అద్దెకున్నవారినే అడుగుడు: అద్దె యెంత యిచ్చుచున్నారు, నీరు ఎంతవరకు వచ్చినది?