నూరు దేనారముల ఖైదీ: మత్తయి 18:23–35 వ్యాఖ్యానముపై ఒక విమర్శ

క్షమింపని దాసుని ఉపమానమును వివరించునప్పుడు రాజు దేవుడనియు, పదివేల తలాంతులు మన పాపమనియు, నూరు దేనారములు పొరుగువాడు మనకు చేసిన తప్పిదమనియు చెప్పుట మన ప్రసంగపీఠములలో వాడుక. 35వ వచనమే దీనికి ఆధారము గనుక ఈ అన్వయమును మేము త్రోసివేయము. అయితే ఇందులో చెరసాల మరుగున పడుచున్నదని మా విమర్శ. మేమును అనేక సంవత్సరములు అట్లే బోధించితిమి.

మొదట లెక్క చూతము. తలాంతునకు 6,000 దేనారములు. దేనారము కూలివాని దినవేతనము (మత్తయి 20:2). మొదటివాని బాకీ 6 కోట్ల దినముల కూలి. రెండవవానిది 100 దినముల కూలి. ఇద్దరును సాగిలపడి ఒకే విధముగా గడువు వేడుకొనిరి. పెద్ద బాకీదారుడు విడుదల పొందెను, చిన్న బాకీదారుడు చెరసాల పాలాయెను.

రెండవది, అప్పునకు చెరసాల మోషే ధర్మశాస్త్రము విధించిన శిక్ష కాదు. ఏడవ యేట అప్పు విడుదల (ద్వితీ. 15:1-2), తిరగలిని తాకట్టు పట్టరాదను ఆజ్ఞ (ద్వితీ. 24:6) బీదవాని బ్రతుకుదెరువును కాపాడుటకే ఇయ్యబడినవి. చెరసాలయైతే కూలికి పోనియ్యక బంధించి, కూలి డబ్బు తెమ్మనును.

మూడవది ముఖ్యమైనది. 34వ వచనములో రాజు కఠినుడైన దాసుని శిక్షించెను. మరి రెండవవాడు విడుదలయ్యెనా? వాక్యభాగము చెప్పదు. మన వ్యాఖ్యానమును ఆ ప్రశ్న అడుగదు.

ఈ ప్రశ్న పాతబడలేదు. మన సివిల్ ప్రొసీజర్ కోడ్ 58వ సెక్షను ప్రకారము 5,000 రూపాయలు మించిన డిక్రీకి బాకీదారుని మూడు నెలల వరకు జైలులో ఉంచవచ్చును. బయటికి వచ్చినను బాకీ తీరినట్టు కాదు. 1980లో జాలీ జార్జ్ వర్గీస్ కేసులో జస్టిస్ కృష్ణయ్యర్, కేవలము తీర్చలేకపోయినందుకు జైలు తగదని, స్తోమత ఉండియు దుర్బుద్ధితో ఎగవేసినప్పుడే తగునని తీర్పు చెప్పిరి. ఇది మేలైన తీర్పు. అయితే తన లేమిని కోర్టులో చెప్పుకొనుటకు బీదవానికి వకీలు కావలెను.

మరియొక ప్రక్క, 2016 దివాలా స్మృతి క్రింద కంపెనీల బాకీలో కొంత వదులుకొని పరిష్కరించు మార్గము ఏర్పడెను. అది అవసరమే కావచ్చును. కాని వ్యక్తులకు సంబంధించిన భాగమును 2019 డిసెంబరు 1న అమలులోనికి తెచ్చినప్పుడు, కంపెనీల అప్పునకు వ్యక్తిగత హామీ ఇచ్చినవారికి మాత్రమే వర్తింపజేసిరి. కౌలురైతునకు, చిల్లర వర్తకునికి ఆ తలుపు తెరువలేదు. తలాంతులవానికి ఒక గుమ్మము, దేనారములవానికి మరొకటి.

అయితే ఉపమానములో మూడవ పక్షమొకటి కలదు. తోడిదాసులు చూచి, దుఃఖపడి, రాజునకు తెలిపిరి (31వ వ.). వారు మౌనముగా ఉండినయెడల కఠినుడు లెక్క చెప్పవలసి వచ్చెడిదే కాదు. సంఘము నిలువవలసిన స్థానము ఇదే. డిక్రీకి భయపడి ముఖము చాటువేయు విశ్వాసిని “అప్పు చేయుట పాపము” అని గద్దించుటకు ముందు, అతనిని మండల న్యాయసేవా సంఘమునకు వెంటబెట్టుకొని పోవుట కాపరి పని. క్షమాపణను గూర్చి ప్రసంగించుచు చెరసాలలోని తోడిదాసుని మరచినయెడల, ఆ ఉపమానములో మనమెవరమో మనమే పరీక్షించుకొనవలసియున్నది.