సహవాసమను మాట

తెలుగు బైబిలునందు అపొస్తలుల కార్యములను గ్రంథమును చదువువారికి రెండవ యధ్యాయము చివర నొక చిన్న చిత్రము కానవచ్చును. యెరూషలేములోని తొలి క్రైస్తవులు బోధ వినుచు, రొట్టె విరుచుచు, ప్రార్థించుచు, తమకు గలదానిని ఉమ్మడిగా నుంచుకొని, ఎవరి యక్కఱ కొలది వారికి పంచిపెట్టిరని లూకా వ్రాసెను. ఈ చిత్రమును పొగడని బోధకుడు లేడు. దీనిని నడపిన సంఘమును మాత్రము వెదకి చూడవలసియున్నది. ఈ యంతరమునకు గల కారణములలో నొకటి భాషాంతరమునందే యున్నదని మా యభిప్రాయము.

గ్రీకు మూలమున నున్న పదము కొయినోనియా. కొయినోస్ అనగా ఉమ్మడి. దానినుండి పుట్టిన యీ పదమునకు ఉమ్మడిగా ననుభవించుట, వంతు పంచుకొనుట యని యర్థము. దీనిని మన యనువాదకులు ఇచ్చట ‘సహవాసము’ అనిరి. రెండు వాక్యముల తరువాత దానికి మూలమైన కొయినోస్ శబ్దమే ఆస్తుల విషయమున రాగా ‘సమష్టి’ అనిరి. రోమీయులకు వ్రాసిన పత్రికలో బీదలకై ధనము కూర్చు సందర్భమున ‘చందా’ అనిరి. హెబ్రీయులకు వ్రాసిన పత్రిక చివర ‘ధర్మము’ అనిరి. ఆయాచోట్ల ఆయా మాటలు చక్కగనే యతికినవి; అనువాదకులను మేము నిందింపము. కాని ఫలితమేమి? గ్రీకు చదువరికి ఒక్క మాటలో కనబడిన కూటమును, ఆస్తియు, ధనమును, దానమును తెలుగు చదువరికి నాలుగు మాటలై విడిపోయినవి. సహవాసము ఆదివారపు కూటమునకు పోయెను. చందా కానుకల సంచిలోనికి పోయెను. ధర్మము వాకిట నిలిచిన బిచ్చగానికి పోయెను. సమష్టి పుస్తకముననే నిలిచిపోయెను.

ఈ విభజనము పట్టణములలోని సంఘములకంటె అరకులోయవంటి కొండసీమల సంఘములకు ఎక్కువ నష్టము కలిగింపగలది. ఏలననగా అచ్చట ఉమ్మడి జీవనము క్రొత్తగా నేర్పవలసిన విద్య కాదు. చైత్రమాసమున జరుగు ఇటుకల పండుగలో పూర్వము ఊరి మగవారందఱు అడవికి పోయి వేటాడి తెచ్చిన మాంసమును ఇంటింటికి పంచుకొనుట యాచారము. థింసా నృత్యమున స్త్రీలు ఒకరి నడుము నొకరు చుట్టి పట్టుకొని యాడుదురు. ఒక్కతె యడుగు తప్పిన వరుసయంతయు తప్పును. ఇట్టివారికి కొయినోనియా యనగా నేమో చెప్పుటకు వ్యాఖ్యానమక్కఱలేదు.

తూర్పు కనుమలలోని యీ భాగమునకు 1882లో జర్మనీ దేశపు బ్రెక్లుమునుండి లూథరను మిషనరీలు వచ్చి, కొరాపుట్టు, జయపురము, సాలూరు ప్రాంతములలో పనిచేసిరి. వారి కృషినుండియే జయపురపు లూథరను సంఘము ఏర్పడెను. నేడు ఈ కొండలలో లూథరను మొదలు పెంతెకొస్తు వఱకు పలుశాఖల సంఘములు గలవు. విశ్వాసము పుచ్చుకొనినవారు పాతపండుగలనుండి తొలగుట సహజమే. అందు దేవతలకు బలియు, జీలుగు కల్లును ఉన్నవి గదా. కాని బలితోపాటు వంతు కూడ విడువబడినయెడల దాని స్థానమున సంఘము పెట్టినదేమి? వారమున కొక కూటమా? పాతపంట తీరి క్రొత్తపంట చేతికి రాని వానకారు దినములలో చోళ్లు, సామలు నిండుకొన్న యింట మామిడిటెంకల పిండితో అంబలి కాచుకొనుట ఈ కొండలలో నెఱిగిన విషయమే. ఆ పొయ్యియొద్దనే సహవాసమను మాటకు పరీక్ష. పాట యెంత యింపుగ పాడితిమన్నది కాదు.

ఇట్లనుటచే తొలి సంఘము మచ్చలేనిదని మేము చెప్పుట లేదు. దానిని చంద్రబింబముగా వర్ణించువారు లూకా గ్రంథమును ఆఱవ యధ్యాయము వఱకైనను చదువరైరేమో యని తోచును. అచ్చట గ్రీకు మాటలాడు విధవరాండ్రకు దినదినపు పంపకములో అన్యాయము జరుగుచున్నదని సణుగు పుట్టెను. అపొస్తలులు ఆ సణుగును అణచలేదు, అవిశ్వాసమని గద్దింపలేదు. ఏడుగురిని ఏర్పఱచుకొమ్మని సంఘమునకే చెప్పిరి. ఆ యేడుగురి పేర్లును, స్తెఫను మొదలు నీకొలాసు వఱకు, గ్రీకు పేర్లే. అనగా అన్యాయము జరిగినదని చెప్పిన పక్షమువారి చేతికే పంపకము వచ్చినట్లు తోచుచున్నది. ఈ గ్రంథమున మాకు మిక్కిలి నచ్చిన ఘట్టమిది. తన తప్పును తన చరిత్రలోనే వ్రాసికొనుటకు వెఱవని సంఘము గొప్పది. మైదానమునుండి వచ్చు ధనమును మైదానపువారే లెక్క వ్రాసి, మైదానపువారే పంచుచున్నచోట కొండవారి సణుగు ఎవరి చెవిని బడును?

కొరింథులో మఱియొక తప్పు జరిగెను. ప్రభురాత్రిభోజనమునకు కలిగినవారు ముందుగ వచ్చి తిని మత్తిల్లుచుండ, లేనివారు ఆకలితో నుండిరని పౌలు కఠినముగ వ్రాసెను. తొలిదినములలో ఆ సంస్కారము నిజమైన భోజనముతో కలిసియుండెననుటకు ఇది సాక్ష్యము. ఈ పంక్తిభేదము కొండలలోను లేకపోలేదు. బగతలు మొదలైన తెగలవారు వాల్మీకుల చేతి యన్నము పుచ్చుకొనకపోవుట పాత యాచారము. వాల్మీకులలో క్రైస్తవులైనవారు పెక్కుమంది. వారి యింట వండిన చోడి అంబలిని అన్నితెగల విశ్వాసులును ఒక్క వరుసను కూర్చుండి త్రాగిననాడు, ఆ సంఘము కొరింథు పత్రికను చదివినదని చెప్పవచ్చును. సహపంక్తి భోజనమునకై మన సంస్కర్తలు పడిన పాట్లు ఎఱిగిన చదువరులకు ఇది చిన్న సంగతి కాదని వేఱుగ చెప్పనక్కఱలేదు.

ఒక యాక్షేపణము గలదు. ఉన్నది పంచుకొని తినుటచేతనే యెరూషలేము సంఘము బీదదై, ఇతరుల చందాకు చేయిచాచెనని కొందఱందురు. క్లౌదియ చక్రవర్తి కాలమున కరవు వచ్చెనని లూకాయే చెప్పుచున్నాడు. కరవును ఔదార్యముపై మోపుట న్యాయము గాదు. అదిగాక ఆ దానము నిర్బంధము కాదు. పొలము నీదే గదా యను భావముతోనే పేతురు అననీయను ప్రశ్నించెను. బర్నబా వలె పొలమమ్మి తెమ్మని కొండవారికి బోధింపనక్కఱలేదు. షెడ్యూలు ప్రాంతములలో గిరిజనుల భూమి ఇతరుల పాలుగాకుండ 1959లో చేసి, 1970లో బిగించిన చట్టము వారికి కవచము. భూమి నిలువవలెను, పంటలో వంతు కదలవలెను.

ఆ వంతు ఎట్లు కదలునో తెలిసికొనుటకు తొలి శతాబ్దములయందే మాదిరులు గలవు. సుమారు 197లో తెర్తుల్లియను వ్రాసినదానినిబట్టి, నెలకొక దినమున ఎవరికి చేతనైనంత వారు స్వేచ్ఛగ వేయుదురు; అది విందులకు గాక బీదల తిండికి, వారిని పూడ్చుటకు, అనాథ బాలబాలికలకు, ముసలివారికి, చెఱలోనివారికి వ్యయమగును. సుమారు 112లో ప్లీనియను రోమను అధికారి ట్రాజను చక్రవర్తికి వ్రాసిన జాబులో, క్రైస్తవులు తెల్లవాఱకముందు కూడి, మరల కలిసికొని సామాన్యమైన భోజనము చేయుదురని తెలిపెను. సత్యము రాబట్టుటకై ఆతడు హింసించిన యిద్దఱు దాసీలు ఆ సంఘమున పరిచారికలు. లోకము బానిసలనిన స్త్రీలకు అచ్చట పదవి యుండెను! మన దేశమునందే మిజోరము కొండలలో 1910 మొదలు క్రైస్తవ గృహిణులు వంటపూట పిడికెడు బియ్యము తీసి సంఘమునకై యుంచుచున్నారు. అరకులో బియ్యమునకు బదులు చోళ్లు కావచ్చును. ఆ గాదెకు తాళపుచెవి ఒక విధవరాలి చేత నుండుట మఱింత మేలు.

పదమును మార్చుడని మేము కోరుట లేదు. సహవాసము చక్కని మాట. కలిసి వసించుట యని దాని యర్థము. కలిసి వసించువారికి ప్రక్కయింట పొయ్యి రాజనిదినము తెలియకుండునా? అది తెలియనివారు కలిసి కూర్చుండిరేగాని కలిసి వసింపలేదు.