చివరి ప్రార్థనలో ఏముంది?

వీరగాథల్లో ఎవరైనా నేలకొరుగుతుంటే నేను గాయాలు లెక్కపెట్టను. పోయేవాడు దేవుణ్ణి ఏం అడిగాడో చూస్తాను. మధ్యయుగాల యూరప్ కావ్యాలు చదివేటప్పుడు ఈ అలవాటు బాగా పనికొచ్చింది.

991 ఆగస్టులో ఇంగ్లండులోని ఎసెక్స్ తీరాన వైకింగులతో జరిగిన పోరు మీద 'బ్యాటిల్ ఆఫ్ మాల్డన్' అనే పద్యముంది. 1731లో రాతప్రతి కాలిపోయింది. అంతకుముందే తీసిన నకలు పుణ్యాన, మొదలూ చివరా లేని 325 పంక్తులు దక్కాయి. సేనాని బిర్ట్‌నాత్ ప్రాణం పోతుండగా, ఈ లోకంలో అనుభవించిన సంతోషాలకు దేవుడికి కృతజ్ఞత చెప్పుకుంటాడు. తన ఆత్మను పిశాచాల పాలు చేయొద్దని వేడుకుంటాడు. అప్పుడు గోడ్రిక్ అనేవాడు తన దొర బిర్ట్‌నాత్ గుర్రమే ఎక్కి పారిపోతాడు. వెళ్తున్నది దొరేననుకుని సేన చెదిరిపోతుంది. మిగిలినవాళ్ళకు చావు తప్పదని తెలుసు. దేవుణ్ణి వాళ్ళూ ప్రార్థిస్తారు, దొర చావుకు పగ తీర్చుకోనిమ్మని. స్వర్గం ఊసే ఎత్తరు. విందుల్లో మధుపాత్రలు పట్టుకుని చేసిన ప్రతిజ్ఞల్ని వాళ్ళలో ఆల్ఫ్‌వైన్ అనేవాడు గుర్తుచేస్తాడు. డన్నెరె అనే మామూలు రైతు కూడా ప్రాణాల మీద ఆశ వదులుకోమంటాడు.

1100 ప్రాంతపు ఫ్రెంచి కావ్యం 'సాంగ్ ఆఫ్ రోలాండ్' దారి వేరు. 778లో ఫ్రాంకుల రాజు షార్లమేన్ వెనుకదళం మీద పిరనీస్ కనుమల్లో విరుచుకుపడింది బాస్కులు. కావ్యంలో వాళ్ళ స్థానంలోకి ముస్లిం సైన్యం వచ్చింది. ఆర్చిబిషప్ టర్పిన్ సైనికుల పాపాలు క్షమించి, ప్రాయశ్చిత్తంగా శత్రువును నరికెయ్యమంటాడు. చస్తే హతసాక్షులవుతారని మాటిస్తాడు. వెనుకదళ నాయకుడు రోలాండ్ కన్నుమూస్తూ కుడిచేతి తొడుగు దేవుడి వైపు చాస్తాడు. సామంతుడు ఏలికకు సమర్పించుకునే తీరు అది. గబ్రియేలు దూత వచ్చి అందుకుంటాడు. స్వామిభక్తీ రక్షణా అక్కడ ఒకటైపోతాయి.

ఆ తొడుగు ఘట్టం ఎప్పుడు చదివినా ఒళ్ళు గగుర్పొడుస్తుంది. వెంటనే టర్పిన్ మాట గుర్తొస్తుంది. చంపడమే ప్రాయశ్చిత్తమైతే ఎదుటివాడి ప్రాణానికి విలువెక్కడ?

మాల్డన్ వీరులు సాధువులేం కారు, వాళ్ళు కోరిందీ నెత్తురే. అయితే వాళ్ళది తిన్న ఉప్పు రుణం, ఎప్పుడో పుచ్చుకున్నదానికి చెల్లింపు. టర్పిన్ సైనికులు చచ్చింది పుచ్చుకోబోయేదాని కోసం. బాకీకి ఒక హద్దుంటుంది, తీరిపోతే లెక్క ముగుస్తుంది. పరలోకపు హామీకి హద్దు లేదు. దాన్ని ఏ నాయకుడైనా, ఎంతమందికైనా ఇవ్వొచ్చు.