పల్లకీ ఎక్కిన మల్లి

ఉన్న ఊరినీ అయినవాళ్లనీ వదిలి పరాయిచోట బతికే మనిషి గుండెకోతను 'మల్లీశ్వరి' (1951) అంత మర్యాదగా చూపించిన తెలుగు సినిమా మరొకటి లేదని నా గట్టి నమ్మకం. బి.ఎన్. రెడ్డి దర్శకత్వాన్నీ, కృష్ణశాస్త్రి మాటల్నీ పాటల్నీ, సాలూరి సంగీతాన్నీ అందరూ మెచ్చుకుంటారు. నృత్యం కూర్చిన పసుమర్తి కృష్ణమూర్తిని తలిచేవాళ్లేరీ? ఆయన మన కూచిపూడి బిడ్డ. ఆయనా ఊరొదిలి మద్రాసు చేరినవాడే.

వానకి ఆగిన పాత మండపంలో మల్లి ఆడే ఆట చూడండి. ఎదురుగా బావ నాగరాజు ఉన్నాడు, ఇంకేం కావాలి? ఒళ్లంతా ఆడుతుంది. మారువేషంలో ఉన్న శ్రీకృష్ణదేవరాయలవారిని నాగరాజు వేళాకోళంగా మల్లికి రాణివాసం పల్లకీ పంపమని అడుగుతాడు. అతను సంపాదనకని ఊరు దాటాక ఆ పల్లకీ నిజంగానే గుమ్మంలో దిగుతుంది. రాణివాసంలో నగలకు లోటు లేదు, గౌరవానికీ లోటు లేదు. తిరిగొచ్చే దారే లేదు. అక్కడి మల్లిలో ఆ మండపం చిందు కనపడదు. అడుగు సభ కోసం పడుతుంది, చూపు సొంతూరు వీరాపురంలో ఉంటుంది. మనవాళ్లు సాత్వికాభినయం అనేది దీన్నే. మల్లిగా వేసిన భానుమతి నాట్యమే వృత్తిగా పెట్టుకున్న నటి కాదు. పసుమర్తి ఆవిడ మీద అడుగుల బరువు మోపకుండా మెడ వాలులో, కనుబొమ కదలికలో పని జరిపించాడు. ఎంత తెలిసినవాడు!

ఈ సినిమాలో ఉషాపరిణయం యక్షగానం ఉంది. కలలో కనపడినవాడి కోసం అల్లాడే ఉష కథ మల్లి కథ పక్కన ఎంత చక్కగా ఒదిగిందో! మన మేళాలు తరతరాలుగా ఆడిన కథే అది. వేదాంతం సత్యనారాయణ శర్మగారు ఉష వేషం కట్టి నిలబడితే, ఆ వేషం వెనక మగవాడున్నాడంటే నమ్మబుద్ధయ్యేది కాదు.

కూచిపూడి వాళ్లకు ప్రయాణాలు కొత్త కాదు. విజయనగరంలో వీరనరసింహరాయల ముందు ఆడారని మాచుపల్లి కైఫీయతు చెబుతుంది. మద్రాసు వెళ్లిన వేదాంతం రాఘవయ్య 'దేవదాసు' (1953) తీస్తే, వెంపటి చినసత్యం 1963లో కూచిపూడి ఆర్ట్ అకాడమీ పెట్టారు. వాళ్లను తప్పుపట్టను, కడుపు నిండాలి కదా. వెళ్లినచోట పరువు నిలబెట్టారు. ఇక్కడ కూచిపూడిలో మాత్రం మేళాలు పలచబడ్డాయి.

నా కడుపుమంటంతా ఇప్పటి చౌకబారు ఆటల మీద. పళ్లెం అంచు మీద నిలబడి, తల మీద చెంబు పెట్టుకుని గిరగిరా తిరిగితే అదే కూచిపూడంటున్నారు. పాత్ర నోట పలికే వాచికం ఏది? పాత్రను సభకు పరిచయం చేసే ప్రవేశ దరువు ఏది? తెర మీదుగా జడ వేసి సభను సవాలు చేసే సత్యభామ ఏది? పాటకు పెదవి కలపడమే అభినయమైపోయింది. పాత్ర లేకుండా ఎన్ని అడుగులు వేసినా అది కసరత్తే!

నాట్యం నేర్పే గురువులారా, పిల్లల కాళ్ల కిందికి పళ్లెం జరిపే ముందు ఒక్కసారి 'మల్లీశ్వరి' చూపించండి. మండపంలో మల్లినీ, రాణివాసంలో మల్లినీ పక్కపక్కన పెట్టి, తేడా ఎక్కడుందో వాళ్లచేతే చెప్పించండి.