స్నిగ్ధత పాఠము: ఒక విమర్శ

స్నిగ్ధతను గురించి మన తరగతులలో తరచు వినవచ్చే మాట ఒకటి ఉన్నది: "బరువైన ద్రవము నెమ్మదిగా పారును, చక్కెర కలిపిన చిక్కబడును." ఇందులో మొదటి సగము తప్పు, రెండవ సగము చాలదు.

వనపర్తి, నాగర్‌కర్నూలు చేలలో పండే ఆముదాలనే తీసుకొందాము. ఆముదము నీటిపై తేలుతుంది. అయినా 20 డిగ్రీల సెంటీగ్రేడు వద్ద దాని స్నిగ్ధత నీటికి దాదాపు వెయ్యి రెట్లు! సాంద్రత వేరు, స్నిగ్ధత వేరు.

ఇక చక్కెర. అదే ఉష్ణోగ్రతలో 20 శాతము చక్కెర ద్రావణపు స్నిగ్ధత నీటికి సుమారు రెండింతలే. 60 శాతమైతే అరవై రెట్లకు దగ్గర. అణువులు కిక్కిరిసిన కొద్దీ ఒకదాని కదలికకు మరొకటి అడ్డుపడుతుంది. పలుచని చక్కెర ద్రావణాల స్నిగ్ధత సాయముతో అణువు పరిమాణమును లెక్కకట్టవచ్చునని ఐన్‌స్టీన్ 1905లో చూపినాడు.

గద్వాల చీరల నూలుకు బిగువునిచ్చే గంజి మరొక కథ చెబుతుంది. అందులోని పిండిపదార్థము గ్లూకోజు అణువులు వందలు, వేలుగా కూర్చిన గొలుసు. ఉడికినప్పుడు ఆ గొలుసులు విచ్చుకొని, తమ బరువుకు మించిన చోటు ఆక్రమించి, ఒకదానితో ఒకటి చిక్కుపడతాయి. గొలుసు పొడవుకూ స్నిగ్ధతకూ గల సంబంధమును వెలికితీసిన స్టౌడింగర్‌కు 1953లో నోబెల్ బహుమతి లభించినది.

కనుక "ఎంత కరిగినది?" అన్న ప్రశ్నతో పాఠము ముగియరాదు, "ఎట్టి అణువు కరిగినది?" అనికూడ అడగవలెను. ఉపాధ్యాయులు నూరు గ్రాముల నీటిలో ఐదు గ్రాముల చక్కెర కరిగించి, మరొక నూరు గ్రాములలో ఐదు గ్రాముల బియ్యప్పిండి ఉడికించి, చల్లారిన పిమ్మట రెండింటినీ వంపి చూపవలెను. ఆ తేడా కంటబడిన విద్యార్థికి వల్లెవేయవలసిన వాక్యముతో పనిలేదు.